ఓడ దిగి ఎటు నడిచావు?

పోయిన నెల నేను పెట్టిన ఒక్క ఫొటోకి పడినన్ని తిట్లు, పదిహేనేళ్లుగా రాసిన రాతలన్నిటికీ కలిపి పడలేదు. నీలం సముద్రం, తెల్ల ఓడ, ముందు నేను, నెత్తిన టోపీ. అంతే. ఒకవైపు నుంచి "రిజర్వేషన్ డబ్బులతో షికార్లా?" అన్నారు. వాళ్లకి జవాబు చెప్పే ఓపిక నాకు ఎప్పుడో అయిపోయింది. రెండోవైపు నుంచి మన పిల్లలే "అక్కా, నువ్వు కూడానా?" అన్నారు. యూనివర్సిటీలో చదివే ఒక తమ్ముడైతే ఇన్‌బాక్సులో నాలుగు పేజీలు రాశాడు. కరేబియన్ అంటే నల్లజాతి బానిసల రక్తంతో తడిసిన నేల, అక్కడికి సరదాకి పోవడం మన ఉద్యమానికే అవమానం అని.

తమ్ముడూ, ఈ భాగం నీకే. నీ మాటలో సగం నిజం ఉంది. ఆ సగం గురించే రాస్తున్నా.

ముందు డబ్బుల సంగతి తేల్చేస్తా. మా చెల్లెలి కూతురు ఫ్లోరిడాలో నర్సు. నైట్ డ్యూటీలు చేసి కూడబెట్టి "పెద్దమ్మా, సముద్రం చూపిస్తా రా" అని టికెట్ తీసింది. సముద్రం నేను చూడనిదా? చినగంజాం పక్కన ఉప్పుమళ్లలో మా అమ్మ ముప్ఫై ఏళ్లు కూలి చేసింది. నేను బడికి పోకముందు ఆ గట్ల మీదే ఆడుకున్నా. కానీ పని లేకుండా సముద్రాన్ని ఊరికే కూర్చుని చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. మనం ఊరు కదిలితే అది వలస అవ్వాలి, లేదా తరిమితే పారిపోవడం అవ్వాలి. కారంచేడు నుంచి చీరాలకి పరిగెత్తిన మనుషుల్ని కళ్లారా చూసినదాన్ని. ఒక్కసారి ఎవరూ తరమకుండా ప్రయాణం చేశా. దానికి నేను సిగ్గుపడను, ఎవరి అనుమతీ అడగను.

సిగ్గుపడాల్సినవి వేరే ఉన్నాయి.

ఓడంటే పదిహేను అంతస్తుల ఊరనుకోండి. ఎక్కినవాళ్లం నాలుగు వేలమందికి అటూ ఇటూగా, పనివాళ్లు పద్నాలుగు పదిహేను వందలమంది. పైన బాల్కనీ గదులు, దాని కింద కిటికీ గదులు, దాని కింద కిటికీ లేని గదులు. మాది కిటికీ లేనిది. అన్నిటికంటే అడుగున, నీటిమట్టం దగ్గర, పనివాళ్లు పడుకునే గదులు. వాళ్లు నడిచే దారి వేరు, తినే చోటు వేరు, ఎక్కే లిఫ్టు వేరు. మాకు కనిపించే తలుపుల మీద రంగురంగుల బొమ్మలు. వాళ్లు వచ్చిపోయే తలుపులు గోడలో గోడలా ఉంటాయి, తెరుచుకుంటే తప్ప అక్కడ తలుపుందని తెలియదు. ఊళ్లో దొర ఇంటి వెనకదారి గుర్తొచ్చింది. మా తాత ఆ దారినే వెళ్లేవాడు.

అలాగని ఓడంటే అగ్రహారమే అని తేల్చెయ్యను. అక్కడ గిన్నెలు కడిగేవాడు పుట్టుకతో గిన్నెలకి కట్టుబడినవాడు కాదు, ఒప్పందం అయిపోతే దిగి ఇంటికి పోతాడు. కులానికి ఒప్పందం ముగిసే తేదీ ఉండదు. ఈ తేడా మరిచిపోయి ప్రతి దొంతరనీ కులం అనేస్తే మన మాటకే పదును పోతుంది. కానీ తేడా ఉందని, పోలిక కనబడితే కళ్లు మూసుకోవాలా?

రెండో రోజు భోజనాల దగ్గర ఒక కుర్రాడు నీళ్లు పోస్తూ మా మాటలు విని "తెలుగాండీ?" అన్నాడు. ఉత్తరాంధ్ర కుర్రాడు, ఊరు చెప్పను. తొమ్మిది నెలల కాంట్రాక్టు, వారానికి ఏడు రోజులూ పని. అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం అని ఒకటుంది, 2006ది. దాని ప్రకారమే రోజుకి 14 గంటల దాకా, వారానికి 72 గంటల దాకా పని చేయించుకోవచ్చు. చట్టబద్ధంగా! వాడలో పాలేరుకి కూడా అమావాస్య సెలవుండేది. ఈ ఉద్యోగం కోసం మూడు లక్షలు అప్పు చేసి ఏజెంటుకి కట్టాడట. మొదటి కాంట్రాక్టు మొత్తం ఆ అప్పుకే పోయింది. ఇతని సంగతి చివర్లో మళ్లీ చెప్తా.

అదే భోజనాల బల్ల దగ్గర మన తెలుగు పెద్దమనిషి ఒకాయన కలిశాడు. అమెరికా వెళ్లి ఇరవై ఏళ్లయిందట. "ఏ ఊరండీ? చీరాల అవతలా? అటు మనవాళ్లు బోలెడుమంది. ఇంటిపేరు?" చెప్పా. ఆయన లెక్క కుదరలేదు. "అంటే... ఏ వీధి?" అన్నాడు. "పేట" అన్నా. ఆయన గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి, వాతావరణం గురించి మాట్లాడాడు. మర్నాటి నుంచి ఆ కుటుంబం వేరే బల్ల దగ్గర.

సముద్రం దాటితే కులం పోతుందని మన ధర్మశాస్త్రాలోళ్లు భయపడ్డారు. పోలేదు. చెకిన్ బ్యాగులో పెట్టుకెళ్లారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తే దాని మీద ఎంత గోల చేశారో చూశాం. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా బిల్లుని గవర్నరు వీటో చేస్తే ఎవరు స్వీట్లు పంచుకున్నారో కూడా చూశాం.

ఆ పెద్దమనిషే ఓడ దిగే రోజు పొద్దున లిఫ్టులో మా అమ్మాయికి ఒక సలహా ఇచ్చాడు. "షాపింగ్ స్ట్రీట్ దాటి వెళ్లొద్దమ్మా. అంతా నల్లోళ్లు. సేఫ్ కాదు."

మేం దిగింది సెయింట్ మార్టెన్. దీవి మొత్తం కలిపి 87 చదరపు కిలోమీటర్లు, అందులోనే రెండు ముక్కలు. ఉత్తరం ఫ్రాన్సుది, దక్షిణం నెదర్లాండ్స్ రాజ్యంలోది. 1648లో ఇద్దరు దొరలూ కూర్చుని పంచుకున్నారు. డచ్చి ముక్క 34 చదరపు కిలోమీటర్లు, జనం నలభై వేల పైచిలుకు. అక్కడికి ఏటా పది లక్షలమందికి పైగా ఓడల్లో వచ్చి దిగుతారు. మేం దిగిన రోజు రేవులో నాలుగు ఓడలు. ఊరి జనాభాలో మూడోవంతు మనుషులు ఒక్కపూటలో వచ్చి పడితే ఎలా ఉంటుందో చూడాలి. రోడ్డు మీద కారు కదలదు. సాయంత్రం అయిదింటికల్లా అందరూ మాయం. మా ఊరి తిరునాళ్లు ఏడాదికి ఒక్కసారి వస్తుంది. వాళ్లకి సీజన్లో వారానికి ఐదారుసార్లు.

రేవు నుంచి ఫిలిప్స్‌బర్గ్ ఊరు కూతవేటు. ముందు బీచి, దాని వెనక ఫ్రంట్ స్ట్రీట్, దాని వెనక బ్యాక్ స్ట్రీట్. ఫ్రంట్ స్ట్రీట్ నిండా బంగారం, వజ్రాలు, గడియారాలు, మందు, కెమెరాలు. చాలా కొట్లు మన దేశం నుంచి వెళ్లిన వ్యాపారులవే, సింధీలు తరాల కిందటే అక్కడ పాతుకుపోయారు. అడుగు పెడితే "ఇండియా? కమ్, కమ్, సిస్టర్!" ఓడలో ముందురోజే ఒక పటం చేతికిస్తారు, ఏ కొట్లో కొనాలో గుర్తులు పెట్టి. ఆ గుర్తు ఊరికే రాదు, కొట్టువాళ్లు డబ్బు కట్టి వేయించుకుంటారు. ఆ పటంలో ఫ్రంట్ స్ట్రీట్ తర్వాత ఊరే లేదు.

ఇంకో తమాషా. బీచి దగ్గర టోపీలు అమ్మే బల్ల పక్కన నిలబడి ఉంటే ఒక తెల్లావిడ వచ్చి నన్ను ధర అడిగింది. మా అమ్మాయికి కోపం వచ్చింది. నాకు నవ్వొచ్చింది. బల్ల వెనక ఉన్న అసలు అమ్మకందారు కూడా నవ్వింది. నేనే రెండు డాలర్లు తగ్గించి అమ్మిపెట్టా.

ఆమెనే అడిగా, "ఇక్కడ ఉప్పుచెరువు ఎక్కడ?" అని. ఆశ్చర్యంగా చూసింది. ఓడ జనం అడిగే ప్రశ్న కాదది. వెనక్కి చెయ్యి చూపించింది. నాలుగు అడుగులు వెనక్కి వెళ్తే చాలు.

అసలు ఆ ఊరు పుట్టిందే ఉప్పు కోసం. 1631లో డచ్చివాళ్లు అక్కడ దిగింది బీచి అందం చూసి కాదు. వాళ్లకి హెర్రింగ్ చేప ఊరబెట్టడానికి ఉప్పు కావాలి. ఆ దీవిలో పెద్ద ఉప్పుచెరువు ఉంది. ఆ ఉప్పు ఏరడానికి మనుషులు కావాలి. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చారు. ఎండలో, మోకాళ్లలోతు ఉప్పునీళ్లలో నిలబడి ఆడా మగా ఉప్పు పెళ్లలు పగలగొట్టి, కడిగి, తట్టల్లో మోసి కుప్ప పోశారు. ఆ పని ఎలా ఉంటుందో మేరీ ప్రిన్స్ చెప్పింది. బెర్ముడాలో బానిసగా పుట్టి, టర్క్స్ దీవుల ఉప్పుచెరువుల్లో పనిచేసిన మనిషి. 1831లో లండన్‌లో ఆమె కథ అచ్చయింది. కాళ్ల నిండా పుండ్లు, ఎముక దాకా దిగిన ఉప్పు. ఆమె నిలబడిన గ్రాండ్ టర్క్‌లో కూడా ఇప్పుడు క్రూయిజ్ రేవుంది. అక్కడ ఓడ దిగినవాళ్లకి ఈత కొలను ఉంది.

మా అమ్మ కాళ్లు నాకు తెలుసు. వేళ్ల సందులు పాసిపోయి, మడమలు పగిలి, రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకుని గోనెగుడ్డ చుట్టుకునేది. మా అమ్మ బానిస కాదు, కూలి. ఆమెని ఎవరూ అమ్మలేదు, కొనలేదు. నేను మేరీ ప్రిన్స్ బాధని మా అమ్మ ఖాతాలో వేసుకోను. కానీ ఆ చెరువు గట్టున నిలబడితే ఏ మ్యూజియం చెప్పనిది మా అమ్మ కాళ్లు నాకు చెప్పాయి. మన దేశంలో ఉప్పంటే దండి అని, 1930 అని ప్రతి పిల్లాడికీ తెలుసు. ఆ పిడికెడు ఉప్పుకి చరిత్ర నిండా చోటు దొరికింది. తట్టలకొద్దీ మోసినవాళ్ల కాళ్లకి దొరకలేదు. దానికి మూడేళ్లు ముందు, 1927లో, మహద్ చెరువులో బాబాసాహెబ్ దోసెడు నీళ్లు తాగాడు. అది మన వాడ పిల్లలకి తప్ప ఎందరికి తెలుసు?

ఇక ఆ చెరువు సంగతి. సగం పూడ్చేసి రోడ్లు వేశారు. నడిమధ్యన ఉన్న మిట్ట మీద దీవిలోని చెత్తంతా తెచ్చి పోస్తారు. బానిసలు ఉప్పు కుప్పలు పోసిన చెరువులో ఇప్పుడు చెత్తకొండ. అప్పుడప్పుడు అది లోపలే అంటుకుని రోజుల తరబడి పొగ. 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుఫాను వచ్చి దీవిలో పదికి తొమ్మిది కట్టడాల్ని దెబ్బకొట్టాక, ఆ శిథిలాలన్నీ కూడా అక్కడికే చేరాయి. పునర్నిర్మాణానికి నెదర్లాండ్స్ డబ్బిస్తే ప్రపంచబ్యాంకు చేత ఖర్చు పెట్టించారు. ఆ చెత్త అంచున కాపురాలున్నాయి. హైతీ నుంచి, డొమినికన్ రిపబ్లిక్ నుంచి, జమైకా నుంచి పనికి వచ్చినవాళ్లు దీవిలో చాలామంది, కొందరికి కాగితాలు లేవు. హోటళ్లలో పక్కలు సర్దేది, ఇళ్లు కట్టేది, రోడ్లు ఊడ్చేది వాళ్లే.

ఫ్రంట్ స్ట్రీట్లో వజ్రాల కొట్టు నుంచి ఈ కంపు దాకా నడిస్తే పావుగంట. ఊరికి తూర్పున గుడి, పడమట వాడ, వాడ పక్కన ఊరి చెత్త. ఈ పటం నాకు ఎవరూ గీసి చూపించక్కర్లేదు.

చెత్తకి పన్ను వెయ్యొచ్చుగా అంటారు. 1990ల చివర్లో తూర్పు కరేబియన్ చిన్నదేశాలు కొన్ని కలిసి సరిగ్గా అదే చేశాయి. ఓడ దిగే ప్రతి మనిషికి ఒకటిన్నర డాలరు, చెత్త పారబోసే ఏర్పాట్ల కోసం. 1999లో ఒక పెద్ద క్రూయిజ్ కంపెనీ ఆ పన్ను కట్టమని గ్రెనడాకి ఓడలు ఆపేసింది. ఒకటిన్నర డాలరు! ఓడలో ఒక్క కాఫీ అంతకంటే ఎక్కువ. ఓడకి కాళ్లున్నాయి, దీవికి లేవు. ఈ దీవి గట్టిగా మాట్లాడితే పక్క దీవికి పోతారు. ఓడ తిరిగేది అమెరికా రేవుల నుంచి, రిజిస్టరు అయ్యేది బహామాస్‌లోనో పనామాలోనో, పనివాళ్లు ఆసియా నుంచి. పన్ను ఒకచోట తప్పించుకుని, కూలి ఒకచోట తగ్గించుకుని, చెత్త ఒకచోట దించుకునే తెలివి ఇది.

దీనికి పరాకాష్ట చూడాలంటే హైతీ వెళ్లాలి. 1804లో బానిసలు తమంతట తాము తిరగబడి గెలిచి నిలబెట్టుకున్న దేశం. ఆ దేశపు ఉత్తర తీరంలో లబాడీ అనే బీచిని 1986 నుంచి ఒక క్రూయిజ్ కంపెనీ కౌలుకి తీసుకుంది. చుట్టూ కంచె, కాపలా. ప్రయాణికులు కంచె దాటి హైతీలోకి పోరాదు. 2010 జనవరి 12న భూకంపంలో లక్షలమంది నలిగిపోతే, మూడో రోజుకే అక్కడ ఓడ దిగింది. సహాయ సామాన్లు కూడా తెచ్చారు, ఆ మాట దాచను. సామాన్లు దించి, పక్కనే కుర్చీలు వేసుకుని కాళ్లు చాపారు.

అయితే తమ్ముడూ, "పోకూడదు" అన్న నీ మాట దగ్గర ఆగుతా. టోపీల ఆవిడని ఇదే అడిగా. నవ్వి, "2020లో మీరు రాలేదుగా" అంది. ఆ మార్చిలో కరోనాకి ఆగిన ఓడలు ఏడాదికి పైగా రాలేదు. టోపీలన్నీ అలాగే ఉండిపోయాయట. ఏడు ఓడలొస్తే మనవడు బడికి బస్సులో చేరలేడు. ఒక్క ఓడా రాకపోతే మనవడికి ఫీజు లేదు. ఆమెకి నీ బహిష్కరణ పిలుపు వినిపిస్తే ఏమంటుందో నువ్వే ఊహించు. ఆ మాట అనే హక్కు ఆమెకుంది, అక్కడి యూనియన్లకుంది. హైదరాబాదు హాస్టల్లో కూర్చున్న నీకు లేదు, ఫ్లోరిడాలో ఓడెక్కిన నాకూ లేదు. మనకున్నది కళ్లు తెరుచుకుని నడిచే బాధ్యత. అది మాత్రం ఉంది.

నడిస్తే ఏం కనబడింది? చెరువు పక్కన రోడ్డు కూడలిలో విగ్రహాలున్నాయి. రాజుదీ కాదు, గవర్నరుదీ కాదు. ఉప్పు ఏరే కూలీలవి. ఆడవాళ్లూ మగవాళ్లూ వంగి పనిచేస్తూ. నేను అక్కడే ఫుట్‌పాత్ మీద కూలబడ్డా. మా అమ్మాయి కంగారుపడి నీళ్లు తెచ్చింది. విజయవాడలో, హైదరాబాదులో బాబాసాహెబ్ విగ్రహం 125 అడుగులు లేచింది, సంతోషం. కానీ ఉప్పు మోసిన ఆడమనిషికి, మ్యాన్‌హోల్లో దిగి పైకి రానివాడికి మన రెండు రాష్ట్రాల్లో ఒక్క కూడలిలోనైనా విగ్రహం నాకు కనబడలేదు. ఎక్కడన్నా ఉంటే చెప్పండి, వెళ్లి దండ వేసొస్తా.

ఇంకో కూడలిలో ఇంకో మనిషి ఉంది. వన్ టెటే లోకే. ఒంటి రొమ్ము లోకే అని అర్థం. తోట నుంచి పారిపోతే పట్టుకుని శిక్షగా రొమ్ము కోశారట. గాయం మానాక మళ్లీ పారిపోయి కొండల్లో బతికిందట, రాత్రిళ్లు దిగొచ్చి తిండి తీసుకెళ్లేదట. తరతరాలుగా నోటిమాటగా వచ్చిన కథ. కేరళ నంగేలి కథ వింటే మనవాళ్లు "ఆధారం ఏది?" అంటారుగా, అలాంటిదే. తోట యజమాని చిట్టాలో బెల్లం లెక్క ఉంటుంది, రొమ్ము లెక్క ఉండదు. ఆ ఊరివాళ్లు చిట్టా కోసం ఆగలేదు. ఆమెని రోడ్డు మధ్యలో నిలబెట్టుకున్నారు.

1848లో ఫ్రాన్సు బానిసత్వం రద్దు చేస్తే, డచ్చి ముక్కలోని బానిసలు గుంపులుగా సరిహద్దు దాటేశారు. గోడ లేదు, కంచె లేదు, అవతల కాలు పెడితే స్వేచ్ఛ. యజమానులు ఇక ఆపలేకపోయారు. హాలండ్ చట్టం మాత్రం 1863 జులై 1న వచ్చింది. పరిహారం ఎవరికిచ్చారనుకుంటున్నారు? యజమానులకి, తలకింత అని. సురినామ్‌లో బానిసల చేత ఇంకో పదేళ్లు నిర్బంధంగా పనిచేయించి 1873 జులైలో వదిలారు. దానికి నెల ముందే, జూన్ 5న, మన దేశం నుంచి కూలీల మొదటి ఓడ అక్కడ దిగింది. లల్లా రూఖ్ దాని పేరు. ఒకరు గొలుసు విప్పుకునేసరికి ఇంకొకరిని తెచ్చి నిలబెట్టారు. మద్రాసు రేవు నుంచి కరేబియన్ తోటలకి అరవవాళ్లతో పాటు తెలుగువాళ్లూ వెళ్లారు. ఆ కూలీలకిచ్చిన పాసులో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటి మీద మచ్చలు, వాటితోపాటు కులం అని ఒక గడి. ఓడలో "ఏ వీధి?" అన్న పెద్దమనిషి నింపాలనుకున్నది ఆ గడే.

అదే 1873లో ఫూలే 'గులాంగిరి' అచ్చువేసి, నీగ్రో బానిసల్ని విడిపించినందుకు అమెరికా ప్రజలకి అంకితం ఇచ్చాడు. పూణేలో కూర్చుని ఆయన చూపు అంత దూరం పోయింది. 1946లో అంబేడ్కర్ అమెరికాలోని డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు, ఐక్యరాజ్యసమితికి నీగ్రోలు పెట్టిన అర్జీ ప్రతులు కావాలని. మన పెద్దలు వాళ్లని చూసి నేర్చుకున్నారు. మన యూట్యూబ్ వ్లాగర్లు అదే మనుషుల్ని చూసి "జాగ్రత్త ఫ్రెండ్స్, బ్యాగులు ముందుకి పెట్టుకోండి" అంటున్నారు. ఫెయిర్‌నెస్ క్రీము రాసుకున్న మొహంతో.

2022 డిసెంబరులో డచ్చి ప్రధాని బానిసత్వానికి క్షమాపణ చెప్పబోతున్నాడని తెలిసి, సెయింట్ మార్టెన్ ప్రధాని ముందుగానే తాము దాన్ని స్వీకరించబోమంది. మాతో మాట్లాడకుండా మీరు తేదీ పెట్టుకుని చెప్పే క్షమాపణ ఏమిటని వాళ్ల బాధ. నాకు అది చాలా నచ్చింది. మనకి ఆ బెడద కూడా లేదనుకోండి. మనల్ని ఇంతవరకూ ఎవరూ క్షమాపణ అడగలేదుగా, వద్దనడానికి.

సాయంత్రం నాలుగున్నరకి ఓడెక్కాం. పెద్దమనిషి భార్య కొన్న గాజులు చూపించి "మీరేం చూశారండీ?" అంది. చెప్పా. "అయ్యో, అటెందుకెళ్లారు?" అంది. పాపం, నిజంగానే జాలిపడింది.

ఇప్పుడు ఆ కుర్రాడి సంగతి. చివరి రాత్రి నా నంబరు తీసుకున్నాడు. ఓడ ఉద్యోగానికి మనిషిని పంపే ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మెడికల్, పాస్‌పోర్టు లాంటి ఖర్చులు తప్ప. సముద్ర కార్మిక ఒప్పందంలో రాసుంది, మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది కూడా. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఈ మూడేసి లక్షలు కట్టిన పిల్లలు ఎంతమందో ఎవరూ లెక్క తియ్యలేదు. మనం తీద్దాం. మీ ఊళ్లో ఎవరన్నా ఉంటే ఏజెంటుకి ఎంత కట్టారు, ఎప్పుడు, ఏ ఉద్యోగమన్నారు, ఏది ఇచ్చారు, ఇవన్నీ రాసి నాకు ఇన్‌బాక్స్ చెయ్యండి. రశీదులుంటే ఫొటో తియ్యండి. రశీదు ఇవ్వకపోతే అదే రాయండి. పేర్లు బయటికి రావు. నాలుగు పేజీలు రాసిన తమ్ముడూ, నీ చేతిరాత బావుంది, ఈ జాబితా నువ్వే మొదలుపెట్టు.

జై భీమ్.